ధర చెప్పలేని మెకానిక్: జైలు నుంచి వచ్చిన ఒకరి వ్యాపారం ఎక్కడ ఆగింది, ఎలా కదిలింది

జైల్లో ఉన్నవాళ్లకు వ్యాపారం ఎలా మొదలుపెట్టాలో, బయటికొచ్చాక పని ఎలా వెతుక్కోవాలో నేర్పే పనిలో తొమ్మిదేళ్లుగా ఉన్నాను. ఎన్నో కేసులు చూశాను, కొన్ని నిలబడ్డాయి, కొన్ని పోయాయి. ఈ ఒక్కటే ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో పోవడానికి కారణమే కనబడలేదు. మా కోర్సు బాగా జరిగింది, మనిషి కష్టపడే మనిషి, చేతిలో గట్టి పని ఉంది, గిరాకీ కూడా ఉంది. అయినా ఐదో నెలకల్లా షాపు మూతపడే స్థితికి వచ్చింది. ఎందుకో తెలుసుకోడానికి మాకు ఇంకో మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో సాయం అనుకుని మేం చేసిన వాటిలో చాలావరకు ఆయన నెత్తిన ఇంకో బరువు అయ్యాయి.

ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. పేరు, ఊరు, వయసు, నేరం, శిక్షాకాలం ఇవేవీ ఇక్కడ ఉండవు. గుర్తుపట్టే వీలున్న చిన్న వివరాలు కొన్ని మార్చాను. రాసింది ఆయనకు చదివి వినిపిస్తే రెండు చోట్ల తీసేయమన్నారు, తీసేశాను.

నేపథ్యం

ఆయన మోటార్ వైండింగ్ మెకానిక్, అంటే కాలిన మోటారులో పాత రాగి తీగ తీసేసి కొత్త తీగ చుట్టే పని. లోపలికి వెళ్లకముందు పదేళ్లకు పైగా ఇంకొకరి షాపులో పనిచేశారు, సొంతంగా ఎప్పుడూ పెట్టలేదు. జైల్లో కూడా ఆ పని చేతికి దూరం కాలేదు. నీళ్ల పంపు మోటారు కాలినా, వర్క్‌షాపులో కుట్టుమిషన్ మోటారు ఆగినా ఆయన్నే పిలిచేవాళ్లు.

మా కోర్సు పద్నాలుగు వారాలు. చివర్లో ఒక్కొక్కరూ తమ బిజినెస్ ప్లాన్‌ను బయటి నుంచి వచ్చిన వ్యాపారస్తుల ముందు నిలబడి చెప్పాలి. ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. అమెరికాలోని టెక్సస్ జైళ్లలో 2004లో మొదలైన ప్రిజన్ ఆంత్రప్రెన్యూర్‌షిప్ ప్రోగ్రామ్ లాంటివి ముందు నుంచీ ఇలాగే నడిపాయి. ఏళ్ల తరబడి ఎవరూ అభిప్రాయం అడగని మనిషిని ముందుకు పిలిచి, "మీ లెక్క చెప్పండి" అని కూర్చుని వినడంలో ఒక గౌరవం ఉంది. అది ఆ మనిషి నిలబడే తీరులోనే తెలిసిపోతుంది. అందుకే ఆ భాగం ఇప్పటికీ మా కోర్సులో ఉంచాం.

ఆ బ్యాచ్‌లో ఆయన ప్లాన్‌కే మొదటి స్థానం. ఒక మోటారు చుట్టడానికి పట్టే రాగి తీగ, స్లాట్లలో పెట్టే ఇన్సులేషన్ పేపరు, వార్నిష్, బేరింగులు, కరెంటు, తన కూలి అన్నీ విడివిడిగా రాశారు. ఇంకెవరికీ తట్టని లెక్క కూడా ఒకటి వేశారు. వంద మోటార్లు చుడితే ఓ ఆరు తిరిగొస్తాయి, వాటిని ఊరికే మళ్లీ చుట్టివ్వాలి, ఆ ఖర్చు మిగిలిన తొంభై నాలుగు మోటార్ల మీద పంచుకోవాలి. ఇది విని, వచ్చిన వ్యాపారస్తుల్లో ఒకాయన కళ్లజోడు తీసి పక్కన పెట్టి, ఆ కాగితం ఇంకోసారి చూపించమన్నారు.

ఈ సంగతి ఎందుకు గుర్తుపెట్టుకోమంటున్నానంటే, ధర కట్టడం ఆయనకు మా అందరికంటే బాగా వచ్చు. తర్వాత మేమే దాన్ని మర్చిపోయాం.

విడుదల షరతుల మీద జరిగింది. వారానికోసారి పర్యవేక్షణాధికారి దగ్గర సంతకం పెట్టాలి. అనుమతి లేకుండా ఆ ప్రాంతం దాటకూడదు. బాధిత కుటుంబం ఉండే వైపు అడుగు పెట్టకూడదు. ఆ షరతు న్యాయమైనదే, ఆయన ఒక్కసారి కూడా దాని గురించి గొణగలేదు, కాకపోతే ఆయన్ను మెకానిక్‌గా ఎరిగినవాళ్లందరూ ఆ వైపే ఉండేవాళ్లు. ఇక ఆఖరిది, కొత్తగా ఏ ఫిర్యాదూ రాకూడదు. దీన్ని మేం అందరి షరతుల్లో ఉండే మామూలు లైను అనుకుని చదివి వదిలేశాం.

మొదటి ఉద్యోగం: పంతొమ్మిది రోజులు

విడుదలైన రెండో వారంలోనే ఒక వర్క్‌షాపులో పని దొరికింది. జైలు సంగతి చెప్పాలా వద్దా అని ఆయన అడిగితే, "వాళ్లు అడిగితే చెప్పండి, అడక్కపోతే మీరే ఎత్తకండి" అన్నాం.

ఆ సలహా ఊరికే ఇవ్వలేదు. సామాజిక శాస్త్రవేత్త దేవా పేజర్ అమెరికాలోని మిల్వాకీలో చేసిన ప్రయోగం 2003లో అచ్చయింది. ఒకేలాంటి అర్హతలున్న యువకులను ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టించి, ఎంతమందికి తిరిగి పిలుపు వస్తుందో చూశారు. తెల్లజాతి వాళ్లలో నేర చరిత్ర లేదన్నవాళ్లకు 34 శాతం పిలుపులొస్తే, ఉందన్నవాళ్లకు 17 శాతం వచ్చాయి. నల్లజాతి వాళ్లలో అది 14 నుంచి 5కు పడిపోయింది. దరఖాస్తు ఫారంలో నేర చరిత్ర గడి తీసేయాలని అక్కడ "బ్యాన్ ద బాక్స్" ఉద్యమం నడిచింది కూడా ఇందుకే. ముందు మనిషిని చూడండి, పని చూడండి, ఆ ప్రశ్న తర్వాత అడగండి అన్నది దాని సారం.

మా పొరపాటు ఇక్కడే జరిగింది. వాళ్లు "తర్వాత చెప్పండి" అంటుంటే మేం దాన్ని "చెప్పకండి" అని అన్వయించుకున్నాం. పంతొమ్మిదో రోజున ఎవరో యజమాని చెవిన వేశారు. ఆయన అరవలేదు, అవమానించలేదు, ఆ రోజు దాకా కూలి లెక్కకట్టి ఇచ్చి ఒక్క మాట అన్నారట. "ముందే చెప్పుంటే పెట్టుకునేవాణ్నేమో. ఇప్పుడు నువ్వు ఇంకేం దాచావోనని చూస్తూ కూర్చోవాలి."

ఇక్కడ మేం తీసుకున్న నిర్ణయం గురించి కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ రంగంలో చాలామంది ఇదే దారి పడతారు. "ఇతనికి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, కాబట్టి ఇతనే యజమాని కావాలి" అనుకున్నాం. వినడానికి ఎంతో ధైర్యంగా, ఆత్మగౌరవంగా ఉంటుంది. కానీ దానికి అసలు అర్థం ఏమిటి? నెల జీతం ఇచ్చే చోట నష్టం వస్తే యజమాని భరిస్తాడు. సొంత షాపులో నష్టం వస్తే తను భరించాలి. చేతిలో దాచుకున్న డబ్బు లేదు, అప్పిచ్చే చుట్టాలు లేరు, మన మనిషని వెనకేసుకొచ్చేవాళ్లు లేరు. అలాంటి మనిషి మీద మొత్తం రిస్కు పెట్టి, దానికి స్వావలంబన అని పేరు పెట్టాం. మూడో నెలలో మా నిధి నుంచి చిన్న అప్పు ఇచ్చి షాపు తెరిపించాం.

కాగితాల గోల కూడా ఉంది, దాన్ని క్లుప్తంగా చెప్తాను. గుర్తింపు పత్రాల గడువు ఎప్పుడో దాటిపోయింది, అవి కొత్తవి వచ్చి ఆయన పేరున బ్యాంకు ఖాతా తెరవడానికి ఏడు వారాలు పట్టింది, షాపు అద్దె కాగితం వేరేవాళ్ల పేరున రాయించాల్సి వచ్చింది. ఖైదీలను ఎలా చూడాలో చెప్తూ ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 108వ నియమం, విడుదలయ్యే మనిషికి తగిన గుర్తింపు పత్రాలు, ఉండడానికి చోటు, చేయడానికి పని, మొదటి రోజులు గడవడానికి డబ్బు ఉండేలా చూడాలంటుంది. 107వ నియమం శిక్ష మొదలైన రోజు నుంచే విడుదల తర్వాతి జీవితం గురించి ఆలోచించాలంటుంది. పద్నాలుగు వారాలు ఆయన ఎదురుగా కూర్చున్న మేం ఒక్క రోజు కూడా "మీ కాగితాల గడువు ఎప్పటిదాకా ఉంది" అని అడగలేదు.

సమస్య మా దగ్గరికి ఎలా వచ్చింది

ఐదో నెలలో వరసగా రెండో కిస్తీ కూడా కట్టలేదు. షాపుకి వెళ్లి చూస్తే లోపల అడుగు పెట్టే చోటు లేదు, గోడ పొడవునా మోటార్లు. పొద్దున్నుంచి రాత్రిదాకా పని. అయినా రాగి తీగ కొనడానికి డబ్బుల్లేవు. మొహం పీక్కుపోయి ఉంది. "గిరాకీ బాగానే ఉంది మేడం, మిగలడం లేదు" అన్నారు, అంతకు మించి ఏమీ చెప్పలేదు.

మా టీంలో ఒకరు తాగుడేమో అన్నారు. ఇంకొకరు ఇంట్లోవాళ్లు లాగేస్తున్నారేమో అన్నారు. నేను ఇంకో రకంగా తప్పు పోయాను. ప్లాన్ వేసినప్పటికీ ఇప్పటికీ రాగి ధర పెరిగింది, ఈయన పాత లెక్కలోనే ఉన్నారు, లెక్క సరిచేస్తే సరిపోతుంది అనుకున్నాను. మా ముగ్గురిలో ఎవరం కూడా వెళ్లి ఒక పూట షాపులో కూర్చుని చూద్దాం అనుకోలేదు.

చేసి చూసినవి, ఫలించనివి

మొదట ఖర్చు లెక్కకట్టి ధర వేసే క్లాసు మళ్లీ పెట్టాం. మూడు సాయంత్రాలు. కొత్త రాగి ధరతో ఆయన పది నిమిషాల్లో పట్టిక వేసేశారు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. నేను సంతోషపడి ఇంటికెళ్లాను. తర్వాతి నెల కిస్తీ కూడా రాలేదు.

తర్వాత ఒక రిటైరైన వ్యాపారిని మెంటర్‌గా పెట్టాం. ఆయన మంచివారు, ఓపిక ఉన్నవారు. మా మెకానిక్ బేరమాడడంలో వెనకబడుతున్నారేమోనని ఇద్దరికీ రోల్‌ప్లే పెట్టాం. మెంటర్ గిరాకీ వేషం వేసి ఎంత పీడించినా ఈయన ధర తగ్గించలేదు. "రాగి ఇంత, బేరింగు ఇంత, నా కూలి ఇంత, తగ్గదండీ" అని మర్యాదగా, గట్టిగా అన్నారు. మెంటర్ నాకు ఫోన్ చేసి "ఈయనకు నేను నేర్పేదేమీ లేదమ్మా" అన్నారు.

నేను ఆ మాటను మెచ్చుకోలుగా తీసుకున్నాను. నిజానికి జవాబు అందులోనే ఉంది. క్లాసులో చెప్పగలిగిన ధర షాపులో చెప్పలేకపోతున్నారంటే లోపం నైపుణ్యంలో లేదు, ధైర్యంలోనూ లేదు. క్లాసులో లేనిదీ షాపులో ఉన్నదీ ఏదో ఒకటి అడ్డుపడుతోంది. ఈ మాత్రం ఆలోచన రావడానికి నాకు ఇంకో ఐదు వారాలు పట్టింది. ఆ ఐదు వారాల్లో, ఇంకొంచెం అప్పిస్తే తేరుకుంటారేమో అన్న ప్రతిపాదన కూడా వచ్చింది. ఆపాను. కారణం తెలియకుండా డబ్బు పోస్తే ఎక్కడ కారుతోందో ఇంకెప్పటికీ తెలియదని అప్పుడు అన్నాను. ఈ కేసులో నేను సరిగ్గా తీసుకున్న మొదటి నిర్ణయం బహుశా అదే.

ఒక రోజు షాపులో

ఎనిమిదో నెలలో ఒక రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా షాపులోనే ఓ స్టూలు మీద కూర్చున్నాను. ఏమీ మాట్లాడను, మీ పని మీరు చేసుకోండి అన్నాను.

పదకొండు గంటలప్పుడు ఒకతను వచ్చాడు, చుట్టడం అయిపోయిన మోటారు తీసుకెళ్లడానికి. ఈయన దాన్ని బల్ల మీద పెట్టి, మెగ్గర్ (ఇన్సులేషన్ గట్టిగా ఉందో లేదో చూపే మీటరు) తగిలించి చూపించారు, కరెంటు ఇచ్చి తిప్పి చూపించారు, శబ్దం వినమన్నారు. కాలిపోవడానికి కారణమేంటో, ఇకపై ఏం జాగ్రత్త తీసుకోవాలో అంతా చెప్పారు. అతను "ఎంతివ్వమంటారు?" అన్నాడు. ఈయన తల దించుకుని, చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, "మీకు తెలియందేముంది, చూసివ్వండి" అన్నారు. అతను ఇచ్చింది అందులో పట్టిన రాగి ఖరీదుకు కూడా చాలదు. ఈయన లెక్కపెట్టకుండానే జేబులో పెట్టుకున్నారు.

మధ్యాహ్నం ఇంకొకరు మోటారు ఎత్తుకుని "రేపిస్తా" అని వెళ్లిపోయారు. ఈయన "సరేనండీ" అన్నారు.

షాపు ఖాళీ అయ్యాక పుస్తకం చూపించమన్నాను. మేం కోర్సులో నేర్పినట్టే గళ్లు గీసుకున్నారు. తేదీ, పేరు, మోటారు రకం, చేసిన పని, మొత్తం. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. వేలు పెట్టి కిందికి చూసుకుంటూ వచ్చాను. ముప్పై ఒక్క వరసల్లో "మొత్తం" గడి ఖాళీగా ఉంది. బాకీ అని కూడా లేదు, ఎంతన్నది అసలు రాయనే లేదు.

ఆయన అటు తిరిగి కాయిల్ చుడుతున్నారు. పెదాల కింద చుట్లు లెక్కపెట్టుకుంటున్నారు కాబట్టి మధ్యలో మాట్లాడకూడదని ఆగాను. చివరి చుట్టు అయ్యాక తీగ తెంపి, కాయిల్‌కి దారం కట్టి పక్కన పెట్టారు. అప్పుడు అడిగాను.

"అన్నా, ఇవెందుకు రాయలేదు?"

"రాస్తే అడగాలి మేడం."

"అడిగితే ఏమవుతుంది?"

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పారు. "అడిగితే కొందరు ఇస్తారు. ఒకడు ఇవ్వడు. నేను గట్టిగా అంటాను, వాడూ అంటాడు. గొడవవుతుంది. వాడు స్టేషన్‌కి పోయి, జైలు నుంచొచ్చినవాడు నన్ను బెదిరిస్తున్నాడు అని ఒక్క ముక్క రాసిస్తాడు. నా మాట ఎవరు వింటారు మేడం? ఒక మోటారు డబ్బు కోసం మిగిలిన శిక్ష మళ్లీ లోపలికెళ్లి చేయమంటారా?"

నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆ లెక్కలో తప్పు లేదు. ఒక వైపు ఒక మోటారు ధర, ఇంకో వైపు తన జీవితంలో కొన్నేళ్లు. అలాంటి తూకంలో ఎవరైనా మోటారు ధరే వదులుకుంటారు. షరతుల మీద విడుదలైనవాళ్లను కొత్త నేరం రుజువు కాకపోయినా, షరతు ఉల్లంఘించారన్న కారణంతో తిరిగి లోపలికి పంపే వీలు చాలా దేశాల చట్టాల్లో ఉంది. మామూలు వ్యాపారికి గిరాకీతో గొడవంటే ఒక చిరాకు, కాస్త టెన్షన్. ఈయనకు అది స్వేచ్ఛ పోయే దారి. ఆయన ప్లాన్‌లో తిరిగొచ్చే ఆరు మోటార్ల ఖర్చు కూడా ఉంది కానీ, ఈ ఖర్చుకు గడి లేదు. ఆ గడి గీయాల్సింది మేం. మేం ఆయన్ను "చూసివ్వండి అనకండి, ధైర్యంగా అడగండి" అని ఒత్తిడి చేసినప్పుడల్లా, ఆయన దృష్టిలో మేం చెప్తున్నది "జైలుకెళ్లే రిస్కు తీసుకోండి" అని.

ఏం మార్చాం

ఆ రాత్రే కిస్తీలు ఆరు నెలలు ఆపేయమని మా నిధి చూసేవాళ్లకు రాశాను. షాపు మూసేయమని ఆయనకు చెప్పలేదు, మీరే నిర్ణయించుకోండన్నాను. రెండు రోజులు ఆలోచించుకుని ప్రస్తుతానికి మూస్తానన్నారు. చేతిలో ఉన్న మోటార్లన్నీ పూర్తిచేసి, యజమానులకు అప్పగించి, తాళం వేశారు.

తర్వాత ఆయన అనుమతితో పర్యవేక్షణాధికారిని కలిశాను. సూటిగా ఒకే ప్రశ్న అడిగాను. "ఎవరైనా డబ్బు గొడవ మీద ఈయన గురించి ఫిర్యాదు చేస్తే మీరు మొదట ఏం చూస్తారు?" ఆయన కూడా సూటిగానే చెప్పారు. "కాగితం చూస్తాను. ముందే ధర రాసి, వాళ్ల సంతకం ఉంటే అది డబ్బు తగాదా, కోర్టుకు పొమ్మంటాను. ఏ కాగితమూ లేకపోతే వీళ్లిద్దరి మాటల్లో ఎవరిది నమ్మాలో నేను తేల్చాలి, అప్పుడు పాత రికార్డు గుర్తొస్తుంది." నేను నెలల తరబడి వెతుకుతున్న పాఠం ఈ రెండు వాక్యాల్లో దొరికింది. మా మెకానిక్‌కు కావలసింది ధైర్యం కాదు, తన తరఫున మాట్లాడే కాగితం. ప్రతి విడుదలకు ముందూ ఈ ప్రశ్న ఎవరో ఒకరు ఆ అధికారిని అడిగి, జవాబు ఆ మనిషికి వినిపించాలి. అధికారులందరూ ఇలాగే అంటారని కాదు. ఏమంటారో ముందే తెలియడం ముఖ్యం.

మూడోది మళ్లీ ఉద్యోగం. వ్యాపారం ఓడిపోయింది కాబట్టి ఉద్యోగం అని కాదు, ముందు నెలనెలా చేతికి జీతం రావాలి కాబట్టి. న్యూయార్క్‌లో సెంటర్ ఫర్ ఎంప్లాయ్‌మెంట్ ఆపర్చునిటీస్ అనే సంస్థ, జైలు నుంచి వచ్చినవాళ్లకు వెంటనే తాత్కాలికంగా జీతం పని ఇస్తుంది. దాని మీద జరిగిన మూల్యాంకనంలో ఒక సంగతి నన్ను బాగా ఆలోచింపజేసింది. ఆ తాత్కాలిక పని అయిపోయాక ఉద్యోగాల విషయంలో తేడా పెద్దగా నిలవలేదు, కానీ తిరిగి నేరాల్లోకి వెళ్లడం మాత్రం తగ్గింది, ముఖ్యంగా విడుదలైన మూడు నెలల్లోపు చేరినవాళ్లలో. అంటే ఆ మొదటి నెలల్లో జీతం చేసే మేలు ఉద్యోగం లెక్కల్లో కనబడేదానికంటే వేరే ఉంది. మేం ఈయనకు సరిగ్గా ఆ నెలల్లోనే అప్పిచ్చి షాపు పెట్టించాం.

ఈసారి చెప్పి చేరాలనుకున్నాం. ఎవరు చెప్పాలి అన్నదాని మీద మాలో వాదన జరిగింది. సంస్థ తరఫున నేను చెప్తే హామీలా ఉంటుందని ఒకరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. మనిషి నోరు తెరవకుండా పక్కవాళ్లు చెప్తే అది సిఫారసు అవుతుంది, యజమానికి అనుమానం మిగిలే ఉంటుంది. ఆయనే చెప్పాలి, పని ఎలా చేస్తారో చూపించాక, జీతం మాట్లాడుకోకముందు. నాలుగు వాక్యాలు రాసుకున్నాం. ఏ కేసు, ఏ సంవత్సరం, ఇప్పుడున్న షరతుల్లో పనికి అడ్డొచ్చేది ఏది, ఎప్పటిదాకా. "మారిపోయాను" అన్న మాట రాసుకోలేదు. అది యజమాని తేల్చుకోవాల్సిన సంగతి.

ఈసారి వెళ్లింది ఒక పెద్ద రిపేరు వర్క్‌షాపుకు, అక్కడ వైండింగ్ చేసేవాళ్లు దొరక్క ఇబ్బంది పడుతున్నారు. యజమాని మొదట కాలిపోయిన మోటారు ఒకటి ఇచ్చారు. ఈయన పాత తీగ తీసి, చుట్లు లెక్కపెట్టి, తీగ మందం (గేజ్) కొలిచి రాసుకుని, మర్నాటికల్లా చుట్టి ఇచ్చారు. అది తిరిగాక, తన నాలుగు వాక్యాలు చెప్పారు. మేం దొంగతనం భయాలకు, కోపం గురించి అనుమానాలకు జవాబులు సిద్ధం చేసుకుని వెళ్లాం, సత్ప్రవర్తన కాగితాలు కూడా పట్టుకెళ్లాం. యజమాని అవేవీ అడగలేదు. రెండే అడిగారు. "పోలీసులు నా షాపుకి వస్తారా? సంతకానికి ఏ రోజు, ఎన్నింటికి వెళ్లాలి?" రెండింటికీ ఈయన దగ్గర జవాబు ఉంది. ఆ నెలలోనే చేరారు.

జీతంలో కొంత మేం భరిస్తామని యజమానికి చెప్దామని ఒక ఆలోచన ఉండేది. చాలా చోట్ల ఇలాంటి ప్రోత్సాహకాలు ఉన్నాయి. అమెరికా ప్రభుత్వం 1966 నుంచి ఫెడరల్ బాండింగ్ ప్రోగ్రామ్ కింద, ఇలాంటివాళ్లను చేర్చుకున్న యజమానికి మొదటి ఆరు నెలలు, ఉద్యోగి నిజాయితీ లేక కలిగే నష్టానికి బీమా లాంటి ఉచిత బాండు ఇస్తోంది. అవి పనికిరావని అనను. కానీ ఈ పనిమంతుడికి అది అవసరం లేదనిపించింది. మంచి సరుకు మీద డిస్కౌంటు ఇస్తే కొనేవాడు లోపం కోసం వెతుకుతాడు.

ఆ వర్క్‌షాపులో ఆయనకు దొరికింది జీతం ఒక్కటే కాదు. కౌంటర్ వెనక ధరల బోర్డు ఉంది. మోటారు విప్పకముందే అంచనా రాసి సంతకం తీసుకుంటారు. సగం అడ్వాన్స్. మిగతా సగం ఇచ్చాకే మోటారు బయటికి వెళ్తుంది. అక్కడ ధర చెప్పేది ఓ కుర్రాడు, ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు, నెమ్మదస్తుడు, అయినా ఎవరూ అతనితో గొడవపడరు. నాలుగో నెలలో ఈయన నాతో అన్నారు. "మేడం, ఆ అబ్బాయి ధర చెప్పడు, బోర్డు చూపిస్తాడంతే."

నేను ఎన్ని క్లాసులు చెప్పినా ఇది నేర్పలేకపోయేదాన్ని.

పద్నాలుగు నెలలు అక్కడే చేశారు. మా అప్పు పదకొండు కిస్తీల్లో తీర్చేశారు. చివరి నెలల్లో యజమానే, తన దగ్గర పేరుకుపోతున్న చిన్న మోటార్ల పని బయటికి ఇవ్వాలనుకుంటున్నానని, తీసుకుంటారా అని అడిగారు. అలా పాత షాపు మళ్లీ తెరుచుకుంది. మొదటి రోజుకే సగం పని ఖాయం, ఆ పనికి బిల్లు పెద్ద షాపు కౌంటర్‌లోనే. మిగతా సగానికి తన బోర్డు తనే రాయించుకున్నారు, నాలుగు లైన్లు. ధరలు, అడ్వాన్స్, గ్యారంటీ గడువు, రసీదు లేకుండా మోటారు ఇవ్వబడదు అని.

అన్నీ చక్కబడలేదు. పాత ముప్పై ఒక్క బాకీల్లో, చీటీ రాసి పంపితే తొమ్మిది వచ్చాయి, మిగతావి వదిలేసుకున్నారు. ఇంట్లో కొన్ని సంబంధాలు తెగినవి తెగినట్టే ఉన్నాయి, వాటి గురించి ఇక్కడ రాయొద్దన్నారు.

కోర్సులో ఇప్పుడు చేస్తున్నవి

విడుదల అయ్యాక మొదటి ఆరు నెలలు ఎవరికీ వ్యాపారానికి అప్పివ్వడం లేదు. దీని మీద నాకు పూర్తి తృప్తి లేదు. కొందరికి ఉద్యోగం దొరికే అవకాశమే లేని చోట ఈ నియమం వాళ్లను ఖాళీగా కూర్చోబెడుతుంది. అలాంటి కేసుల్లో ఏం చేయాలో ఒక్కొక్కటిగా మాట్లాడుకుంటున్నాం.

బిజినెస్ ప్లాన్‌లో "గొడవ ఖర్చు" అని ఒక పేజీ చేర్చాం. గిరాకీ డబ్బు ఎగ్గొడితే, సరుకు బాగోలేదని అరిస్తే, పక్క షాపువాడు పాత సంగతి ఎత్తితే ఏం చేస్తావు, నీ దగ్గర ఏ కాగితం ఉంటుంది, మొదటి ఫోను ఎవరికి చేస్తావు. ఈ పేజీ పెట్టిన మొదటి బ్యాచ్‌లోనే ఒకతను లేచి, "మేడం, నేను ఈ వ్యాపారం పెట్టను, ఇందులో అరువులెక్కువ" అని ప్లాన్ మార్చుకున్నాడు. అప్పు ఇచ్చాక కాకుండా ముందే అది జరిగినందుకు ఎంత ఊరటగా అనిపించిందో.

గుర్తింపు పత్రాల గడువు మొదటి వారంలోనే అడుగుతున్నాం. లోపల చేసిన పనికి వచ్చే డబ్బులో కొంత పక్కన పెట్టి విడుదల రోజున ఇవ్వాలని మండేలా నియమాల్లోనే ఉంది, 103వది. అది నిజంగా ఎంత జమైందో ప్రతి ఒక్కరి దగ్గరా కూర్చుని చూస్తున్నాం, ఎందుకంటే బయట మొదటి నెల ఎవరి ముందూ చేయి చాచకుండా గడవాలంటే అదే ఆధారం.

ఆ ఫిర్యాదు వచ్చింది

షాపు రెండోసారి తెరిచిన నాలుగో నెలలో ఆయన భయపడినదే జరిగింది. వారం కిందట చుట్టిన మూడు ఫేజుల (మూడు లైన్ల కరెంటుతో నడిచే) మోటారు మళ్లీ కాలిందని ఒకతను వచ్చి, డబ్బులు తిరిగిమ్మని వీధంతా వినబడేలా అరిచాడు. ఎక్కడి నుంచి వచ్చావో నాకు తెలుసు అని కూడా అన్నాడట. ఈయన గొంతు పెంచలేదు. మోటారు విప్పి చూపించారు. రెండు ఫేజుల కాయిల్స్ బొగ్గులా నల్లబడి ఉన్నాయి, మూడో ఫేజు కాయిల్స్ చుట్టిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. మూడు ఫేజుల కాయిల్స్‌నూ ఒక కొస దగ్గర కలిపే స్టార్ కనెక్షన్ మోటారుకు కరెంటులో ఒక ఫేజు పోతే ఇలాగే కాలుతుంది, వైండింగ్ లోపం అయితే ఇలా ఉండదు. ఫోటో తీసి, తేదీ వేసి, రసీదు నకలుతో కలిపి పెట్టుకున్నారు. అతను వినకుండా స్టేషన్‌కి వెళ్లాడు.

సాయంత్రం పర్యవేక్షణాధికారి పిలిపించారు. రసీదు చూశారు, దాని మీద అతని సంతకం చూశారు, ఫోటో చూశారు. ఇది మీరిద్దరూ తేల్చుకోవాల్సింది, కాదంటే కోర్టుకు వెళ్లమనండి అని పంపించేశారు. మొత్తం ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు.

అయినా ఆయన రెండు రోజులు షాపు తెరవలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇంటికి వెళ్లాలా, వదిలేయాలా అని నేను ఎటూ తేల్చుకోలేక, వదిలేశాను. మూడో రోజు పొద్దున తనే చేశారు. షాపులోంచే, వెనక వైండింగ్ మిషన్ చప్పుడు వినిపిస్తోంది. బోర్డు మీద ఐదో లైను రాయిస్తున్నానని, పెయింటర్ ఎదురుగా నిలబడి ఉన్నాడని, మాట సరిగ్గా ఉందో లేదో చెప్పమని అడిగారు. "ఫేజు పోయి కాలిన మోటారుకు గ్యారంటీ లేదు" అని చదివారు.

సరిగ్గానే ఉందన్నాను.